ఎక్స్ అంటే ఎవరు

సోమవారం

మాటల డాక్టరమ్మ ఈ నోటుబుక్ ఇచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లకి మాట నేర్పే ఆవిడ. రోజూ ఏదో ఒకటి రాయమంది. ఎవరూ చూడరట, తను కూడా అడగదట. పైన తేదీ వెయ్యమంది. నేను వారం వేస్తున్నాను. తేదీ సంగతి తర్వాత.

చెయ్యి తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, కాస్త నెమ్మదిగా. ఫ్యాక్టరీలో ఇనుము కోసే లేత్ ముందు నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కూలిపోయి నెలయిందట. తలలో ఎడమ పక్క చిన్న నరం చిట్లిందన్నారు. అందరూ చిన్నదే అంటున్నారు కాబట్టి చిన్నదే అయ్యుంటుంది.

అంకెలు మాత్రం రాలేదు.

డాక్టరమ్మ అట్టముక్క మీద ఒక అంకె చూపించి ఇదేమిటండీ అంది. తెలిసిన మొహమే. వీధిలో రోజూ ఎదురయ్యే మనిషి పేరు సమయానికి నోటికి రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. "నాలుగు" అన్నాను. "ఏడండీ" అంది. ఏడు అని రాయమంటే రాస్తాను, ఇదిగో రాశాను. అది ఎంతో తెలియట్లేదు. నాలుగు కన్నా ఎక్కువా తక్కువా అని అడిగితే ఆవిడ కనుబొమలు చూసి చెప్పాను.

ఇరవై రెండేళ్లు లేత్ మీద పని చేశానని మా ఆవిడ చెప్పింది. వెంట్రుకలో సగం తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేవాణ్ణి. అది నాకు గుర్తుంది. వేలికి కూడా గుర్తుంది.

మంగళవారం

బాగానే ఉంది. లెక్కల జోలికి పోలేదు.

గురువారం

మా ఆవిడ కళ్ల ఆసుపత్రి రిసెప్షన్‌లో తన పనికి తిరిగి వెళ్తోంది. పగలు నన్ను చూసుకోవడానికి వాళ్లమ్మ వచ్చారు. మా పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తయ్యగారూ నేనూ మాట్లాడుకున్నదంతా కలిపితే ఈ పేజీ నిండదు. "కులాసానా అల్లుడుగారూ." "కులాసా అండీ." అంతే. ఇప్పుడు రోజంతా ఒకే ఇంట్లో ఇద్దరం. ఆవిడ వంటింట్లో, నేను ముందు గదిలో. దగ్గు వస్తే ఇద్దరం ఆపుకుంటున్నాం.

సాయంత్రం మా ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని టోపీ మోకాలి మీద పెట్టుకుని, "మే నెలాఖరు దాకా నీ మిషన్ ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

"అంత అక్కర్లేదు సార్. కాస్త నీరసం, అంతే" అన్నాను.

"తల బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది."

మా ఆవిడ టీ కప్పులు తీస్తూ నా వైపు ఒకసారి చూసింది.

మేకి ఎంత టైముందో అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

శనివారం

ఈరోజు వింత జరిగింది, రాయాలి.

డాక్టరమ్మ ఐదుకి మూడు కలిపితే ఎంత అంది. ఆరు అన్నాను, తొమ్మిది అన్నాను, వదిలేశాను. ఆవిడకి ఏమనిపించిందో, కాగితం మీద x + a = b అని రాసింది. "ఎక్స్ ఎంతండీ?"

"b లోంచి a తీసెయ్యండి."

ఆలోచించనే లేదు. బోల్టుకి పానా పెట్టినట్టు పట్టేసింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోటి రాసింది. ax + b = c. ముందు b ని అటు పంపండి, వచ్చినదాన్ని a తో భాగించండి అన్నాను. ఎందుకు అని కూడా చెప్పాను. ఆవిడ నవ్వింది. ఐదుకి మూడు కలపలేనివాడు ఇది చెప్పడం తను పుస్తకాల్లోనే చదివిందట. తలలో అంకెలు దాచుకునే చోటు వేరు, పద్ధతులు దాచుకునే చోటు వేరు కావచ్చంది. ఒకటి తడిసిపోయింది, ఇంకోటి పొడిగా మిగిలింది.

నాకు మతిపోయింది. మంచి అర్థంలోనే. ఇన్నేళ్లూ లెక్క అంటే ఒకటే వస్తువనుకున్నాను. అందులో రెండున్నాయట.

వచ్చేటప్పుడు స్కూలు పిల్లల బీజగణితం పుస్తకం ఒకటి ఇచ్చింది.

సోమవారం

పుస్తకం తీశాను. మొదటి లెక్క ఉన్నదున్నట్టు దించుకున్నాను. అట్టముక్కలతో అంకెల పేర్లు కాస్త పట్టుబడ్డాయి, ఏది ఎంతో మాత్రం తెలియదు.

3x + 5 = 26

ఏం చెయ్యాలో తెలుసు. రెండు పక్కలా ఐదు తీసెయ్యాలి. అప్పుడు ఇటు 3x మిగులుతుంది. అటు 26 లోంచి 5 పోతే మిగిలేది. అక్కడ ఆగిపోయాను. గోడ. బయటికే అనుకున్నట్టున్నాను: "ఇరవై ఆరులో ఐదు పోతే."

"ఇరవై ఒకటి" అని వంటింట్లోంచి వినబడింది.

రాసుకున్నాను. ఇంక దాన్ని మూడు భాగాలు చెయ్యాలి. ఈసారి కావాలనే కాస్త గట్టిగా అన్నాను.

"ఏడు."

x = 7. జవాబుల పేజీలో ఆకారం పోల్చి చూశాను. అదే.

అత్తయ్యగారు గుమ్మం దాకా వచ్చారు, చేతులు కొంగుతో తుడుచుకుంటూ. "ఏం చేస్తున్నారండీ?"

"లెక్కలండీ."

"అందులో అక్షరం ఉందే. ఎవరది?"

"ఎక్స్ అంటారు."

"ఎక్స్ అంటే ఎవరు?"

"ఎవరో తెలియదండీ. తెలియదు కాబట్టే ఎక్స్."

"ఎవరో తెలియని మనిషిని పొద్దుటి నుంచీ ఇంట్లో కూర్చోబెట్టుకున్నారా" అని లోపలికి వెళ్లిపోయారు. నవ్వారో లేదో చూడలేకపోయాను.

మంగళవారం

అత్తయ్యగారు చదివింది ఐదో తరగతి. మగ్గాల షెడ్డులో పడుగు పోగులు లెక్కపెట్టే పని చేశారట, పాతికేళ్లు. ఒక్క పోగు తప్పితే గుడ్డ పొడుగునా గీత పడుతుందట. అందుకని ఆవిడకి కూడికలూ తీసివేతలూ గుణకారాలూ ఊపిరితో సమానం. పోపు మాడకుండా చూస్తూనే చెప్పేస్తున్నారు. అక్షరాల లెక్క మాత్రం జన్మలో చూడలేదు.

ఈరోజు కుర్చీ తెచ్చుకుని బల్లకి అవతల పక్క కూర్చున్నారు.

"ఇటు ఐదు తీశారు, సరే. అటు కూడా ఎందుకు తియ్యాలి? అదేం పాపం చేసింది?"

"మధ్యలో ఈ రెండు గీతలు చూడండి. ఇటున్నదీ అటున్నదీ సమానం అని ఒప్పందం. ఇటు కోస్తే అటూ కొయ్యాలి. లేకపోతే ఒప్పందం చెడుతుంది."

"తోడికోడళ్లకి చీరలు పెట్టినట్టన్నమాట."

అంతకన్నా బాగా నేను చెప్పలేను.

శుక్రవారం

ఈరోజు రెండు కూడికలు సొంతంగా చేశాను. వస్తోంది. చెప్పానుగా, నీరసమేనని.

శనివారం

నిన్న రాసింది నిజం కాదు. అత్తయ్యగారు పెదవులు కదిపారు, అది చూసి రాశాను.

బుధవారం

ఒక సంగతి కనిపెట్టాను. పళ్లెంలో కప్పులున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ సరిపోతాయా అని మా ఆవిడ అడిగింది. ఎన్నో తెలియదు. కానీ మనసులో ఒక్కో కప్పూ ఒక్కో మొహం ముందు పెట్టి చూశాను. ఒక మొహం మిగిలిపోయింది. "ఒకటి తక్కువ" అన్నాను. నిజమే.

అంటే ఎన్ని అని తెలియకుండానే సరిపోతుందా లేదా అని తెలుస్తుంది. అంకెలు పుట్టకముందు మనుషులు ఇలాగే బతికారేమో. అత్తయ్యగారితో అంటే, "పసిపిల్లలూ అంతే. చెయ్యికో బిస్కెట్ లేకపోతే ఏడుస్తారు. లెక్కపెట్టి ఏడుస్తారా?" అన్నారు.

ఏప్రిల్ 7, సోమవారం

తేదీ క్యాలెండర్ చూసి దించాను. ఇంక ఇలాగే దించుతాను.

ఇరవై లెక్కలు అయ్యాయని అత్తయ్యగారు చెప్పారు. మెట్లు నావి, అంకెలు ఆవిడవి. మధ్యాహ్నం భోజనం కాగానే ఆవిడే పుస్తకం తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. ఎక్స్‌కి ముందు ఎవరో ఒకరు అంటుకుని ఉంటే భాగించాలి, పక్కన నిలబడి ఉంటే తియ్యాలి అని ఇప్పుడు నన్నడక్కుండానే చెప్తున్నారు.

మా ఆవిడ వచ్చేసరికి పుస్తకం దాచేస్తున్నాం. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

ఏప్రిల్ 16, బుధవారం

పుస్తకంలో వయసుల లెక్కలు వచ్చాయి. తండ్రి వయసు కొడుక్కి ఇన్ని రెట్లు, అలాంటివి. అత్తయ్యగారు వాటిని పక్కకి నెట్టి, "వాళ్లెవరో మనకెందుకు. నా లెక్క చెయ్యండి. నాకు అరవై ఆరు. మీ ఆవిడకి నలభై రెండు. నేను దానికి మూడింతలు ఉన్నది ఎన్నేళ్ల కిందట?" అన్నారు.

ఎన్నేళ్లో తెలియదు, కాబట్టి x. అప్పుడు ఆవిడ వయసు 66 లోంచి x తక్కువ. మా ఆవిడది 42 లోంచి x తక్కువ. మొదటిది రెండోదానికి మూడింతలు.

66 − x = 3(42 − x)

మూడుని లోపలికి పంచమన్నాను. "నలభై రెండు మూళ్లు నూట ఇరవై ఆరు" అన్నారు.

66 − x = 126 − 3x

"ఎక్స్‌లన్నీ ఒక పక్కకి చేర్చాలి. రెండు పక్కలా 3x కలపండి."

66 + 2x = 126

"అరవై ఆరు తీస్తే అరవై. రెండు భాగాలు చేస్తే ముప్పై" అన్నారు.

సరిచూద్దాం అన్నాను. ముప్పయ్యేళ్ల కిందట మీరెంత, అమ్మాయి ఎంత అని.

"నేను ముప్పై ఆరు. అది పన్నెండు." పెన్సిల్ బల్ల మీద పెట్టారు. "ఆ ఏడే మీ మామగారు పోయింది. పదకొండు రోజులయ్యాక మగ్గాల షెడ్డుకి వెళ్లి పని అడిగాను. పోగులు లెక్కపెట్టగలవా అన్నారు. పెట్టగలను అన్నాను. అప్పటికి నాకు నూరు దాటి రాదు."

"మరెలా చేశారు?"

"నూరు కాగానే ఒక ముడి వేసేదాన్ని. ముడులు లెక్కపెట్టేదాన్ని. ఆర్నెల్లు ఎవరికీ తెలియలేదు."

పద్దెనిమిదేళ్లుగా ఇంటి అల్లుణ్ణి. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఆవిడే, "రెండింతలు ఎప్పుడో చూడండి" అన్నారు. అది తేలిగ్గా వచ్చింది. పద్దెనిమిది. ఆవిడకి నలభై ఎనిమిది, మా ఆవిడకి ఇరవై నాలుగు. మా పెళ్లి. "అదీ నిజమే" అన్నారు, తక్కెడ సరిగ్గా తూగిందని చెప్పినట్టు.

"సమానం ఎప్పుడండీ?"

అది కూడా వేశాను. 66 − x = 42 − x. రెండు పక్కలా x కలిపితే 66 = 42 మిగిలింది.

"ఎక్స్ ఏమయ్యాడు?"

"పోయాడండీ. ఇలా వస్తే ఆ లెక్కకి జవాబు లేదని అర్థం. ఏ సంవత్సరంలోనూ మీరిద్దరూ సమానం కారు."

ఆవిడ ఆ గీతల్ని చాలాసేపు చూశారు. "జవాబు లేదని కూడా లెక్కే చెప్తుందా?"

"చెప్తుందండీ."

"మంచిది. చాలామంది చెప్పరు" అన్నారు.

ఏప్రిల్ 21, సోమవారం

అంకెలు రావడానికి ఇంకా ఆర్నెల్లు పట్టవచ్చంది డాక్టరమ్మ. పూర్తిగా రాకపోవచ్చని కూడా అంది. అత్తయ్యగారికి మొదటి సగమే చెప్పాను. అందులోనూ నెలలు తగ్గించాను.

ఏప్రిల్ 28, సోమవారం

పనిలోకి వెళ్లాను. బాగానే జరిగింది. అలసట.

ఏప్రిల్ 30, బుధవారం

సోమవారం ఏం జరిగిందో రాస్తాను. ఎవరూ చూడరు కదా.

ఫోర్‌మన్ తేలికపాటి పని ఇచ్చాడు. పోత పోసిన పెద్ద వంకర ఇనప ముక్క ఒకటి, దాని మొహం చదును చెయ్యాలి. బిగించాను. చేతులకి అన్నీ తెలుసు. నూనె వాసన తగిలేసరికి ఇంక ఏం కాదనిపించింది. అంత పెద్దది నెమ్మదిగా తిరగాలి. స్పీడు మీట ఎనభై మీద పెట్టాను. ఎనభై అనుకున్నాను. పెట్టింది ఎనిమిది వందల మీద. సున్నా ఒకటి ఎక్కువ, అంతే కదా తేడా. నాకు రెండూ ఒకేలా కనబడ్డాయి.

బటన్ నొక్కగానే మిషన్ ఒళ్లంతా వణికింది. ఆపే లోపు పోత ఊడి పనిముట్ల బీరువాకి తగిలింది. ఇనప తలుపు కాగితంలా మడతపడింది. అంతకుముందు నిమిషం అక్కడ పక్క లేత్ మనిషి నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఈల వేస్తాడని అతన్ని ఈలమాస్టరంటాం. బీరువాలోంచి కొలత పరికరం తీసుకుని రెండడుగులు వేశాడో లేదో.

అతని ఈల ఆగిపోయింది. మీట వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చేలోపు మీటని వెనక్కి తిప్పేశాడు. "బిగింపు జారింది సార్" అన్నాడు.

నేను కూడా "అవును సార్" అన్నాను.

ఆ మాటే రెండు రోజులుగా నన్ను వదలట్లేదు. నిన్నా ఈరోజూ తలనొప్పని వెళ్లలేదు.

మధ్యాహ్నం అత్తయ్యగారు పుస్తకం తెచ్చారు. చెయ్యలేనన్నాను. ఎందుకని అడిగారు. మొత్తం చెప్పేశాను. ఆవిడ పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకుని విన్నారు.

"ఇక్కడ తప్పితే తుడుచుకుంటాం. అక్కడ తుడవడానికి ఉండదు అల్లుడుగారూ."

"తెలుసండీ."

"ఎవరికైనా తెలుసా?"

"ఈలమాస్టరుకి అనుమానం ఉంది."

"నేను ఆర్నెల్లు దాచాను. తప్పితే పోయేది గుడ్డ. మీది గుడ్డ కాదు." అని లేచి వెళ్లారు. కోపంగా కాదు. అన్నం వార్చడానికి.

మా ఆవిడ ఇంటికి రాగానే చెప్పాను. ఆమె చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని వింది.

"నాకు తెలుసండీ. మార్చి నుంచీ ఫోన్ నంబరు నొక్కమని నాకే ఇస్తున్నారు. బస్సు నంబరు కనబడట్లేదంటున్నారు. నేను పనిచేసేది కళ్ల ఆసుపత్రిలో. మీ కళ్లు బాగున్నాయి."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారని చూశాను. ఇంకా వారం చూసి అడిగేదాన్ని." "ఆ మనిషికి ఏమైనా అయ్యుంటే" అంది మళ్లీ. తర్వాత లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది.

మే 2, శుక్రవారం

ఫోర్‌మన్ గదికి వెళ్లి చెప్పాను. అంకెలు పోయాయి, బిగింపు జారలేదు, మీట నేనే తప్పు పెట్టాను, ఈలమాస్టరు నా కోసం అబద్ధమాడాడు, అతన్నేమీ అనకండి. మెట్లు మెట్లుగా చెప్పాను, ఒకటీ వదలకుండా.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ గదికి మొదటి రోజే రావలసింది" అన్నాడు. "డాక్టరు కాగితం తెచ్చేదాకా ఏ మిషనూ ముట్టుకోవద్దు. ఏ ఒక్కటీ."

సరే అన్నాను. నడిచి ఇంటికొచ్చాను. ఉద్యోగం పోయిందో ఉందో అడగలేదు. ఊపిరి మాత్రం లోపలి దాకా వెళ్తోంది.

మే 6, మంగళవారం

ఏమీ లేదు.

మే 9, శుక్రవారం

ఫోర్‌మన్ కబురు పెట్టాడు. వెళ్తే అందరూ మూలనున్న పాత లేత్ చుట్టూ నిలబడి ఉన్నారు. ఏదో పంపుకి మామూలుగా దొరకని మర, అంటే బోల్టు మీద ఉండేలాంటి చుట్ల గాడి, కొయ్యాలి, మూడున్నర మిల్లీమీటర్లకి ఒక చుట్టు. ఏ మరకి ఏ పళ్లచక్రాలు వెయ్యాలో చెప్పే రేకు ఆ మిషన్ మీద ఎప్పుడో అరిగిపోయింది. ఇదివరకు ఇలాంటివి నేనే నోటితో చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు అది లెక్కని కూడా అనుకోలేదు.

"నీకేమైనా గుర్తుందా?" అన్నాడు.

సుద్దముక్క తీసుకుని నేల మీద రాశాను. ఇంగ్లీషు అక్షరాలెందుకని మనవే వేశాను. కావలసిన మర క. మిషన్ లోపలి స్క్రూ మర స. తిప్పే చక్రం పళ్లు త. తిరిగే చక్రం పళ్లు ర.

త / ర = క / స

"క, స మీకు తెలుసు. త, ర తెలియదు. కుడి పక్క భిన్నాన్ని పైనా కిందా ఒకే దాంతో హెచ్చించుకుంటూ పోండి. రెండూ పెట్టెలో ఉన్న చక్రాలయ్యేదాకా. అంకెలు నన్నడక్కండి."

అందరూ నేల వైపు చూస్తున్నారు. ఈలమాస్టరు గొంతుక్కూచున్నాడు. "క మూడున్నర. స ఆరు. పైనా కిందా పదితో హెచ్చిస్తే ముప్పై ఐదు బై అరవై." పెట్టెలో వెతికాడు. రెండు చక్రాలూ ఉన్నాయి.

పనికిరాని ముక్క ఒకటి బిగించి కోసి చూశారు. నేను దూరంగా నిలబడ్డాను. మర కొలిచే పళ్ల బిళ్ల దాంట్లో పెడితే సందు లేకుండా కూర్చుంది. ఈలమాస్టరు ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. వేలితో తడిమాను. ఎంతో తెలియదు. సరైనదని తెలిసింది.

మే 12, సోమవారం

ఫోర్‌మన్ కిటికీ దగ్గర బల్ల ఇచ్చాడు. మధ్యాహ్నం దాకా పని. పాత మిషన్లు ఒక్కొక్కటీ తీసుకుని, వాటి లెక్కలన్నీ అక్షరాలతో కాగితం మీద పెట్టాలి. "దారి నువ్వు రాయి. అంకెలు వాళ్లు వేసుకుంటారు" అన్నాడు. నా లేత్ ఈలమాస్టరుకి ఇచ్చారు. బల్ల దగ్గర్నుంచి కనబడుతుంది. మొదటి రోజు అటు చూడలేదు.

మే 15, గురువారం

అటు చూశాను. నా కన్నా శుభ్రంగా ఉంచుతున్నాడు.

మే 24, శనివారం

అత్తయ్యగారు వెళ్లిపోయారు. బావమరిది వచ్చి తీసుకెళ్లాడు, వాళ్లావిడకి నెలలు నిండాయి. సంచి సర్దుకుంటుంటే పుస్తకం కూడా ఇచ్చాను. వద్దన్నారు. మళ్లీ చీరల మధ్య పెట్టుకోవడం చూశాను.

ఆటో ఎక్కాక, "అల్లుడుగారూ, కూడికలు రోజూ చెయ్యండి. తప్పయినా చెయ్యండి" అన్నారు. బావమరిది మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బల్ల దగ్గర కూర్చున్నాను. వంటింట్లో ఎవరూ లేరు. ఒక కూడిక వేశాను. ఒప్పో తప్పో చెప్పేవాళ్లు లేరు, అలాగే వదిలేశాను.

జూన్ 8, ఆదివారం

ఫోన్ మోగింది. అత్తయ్యగారు. మనవరాలు పుట్టి నాలుగు రోజులయింది, అందరూ కులాసా, ఆ సంగతులన్నీ మా ఆవిడతో మాట్లాడారు. తర్వాత ఫోన్ నాకిమ్మన్నారట.

"ఇక్కడ ఇద్దరున్నారండీ" అన్నారు గొంతు తగ్గించి.

"కవలలా?"

"లెక్కలోనండీ. ఎక్స్ ఒకడు, వై ఒకడు. ఇద్దరూ కలిస్తే ఇరవై. ఎక్స్‌లోంచి వై పోతే నాలుగు. రెండు రోజుల నుంచీ చూస్తున్నాను. ఒకణ్ణి పట్టుకుంటే రెండోవాడు జారిపోతున్నాడు."

"రెండూ ఒకదాని కింద ఒకటి రాయండి. రాశారా? ఇప్పుడు ఆ రెంటినీ కలిపెయ్యండి."

"కలిపితే?"

"పైన వై కలిసుంది, కింద వై పోయుంది. ఏమవుతుంది?"

"కొట్టుకుపోతుంది."

"అంతే. ఇంక ఎక్స్‌లు రెండు మిగిలాయి. అటుపక్క ఇరవై, నాలుగు."

"ఆఁ, ఇప్పుడు తెలిసింది" అన్నారు. నేను జవాబు కోసం ఎదురుచూశాను. మా పద్ధతి అదే కదా, అంకెలు ఆవిడవి. ఆవిడ చెప్పలేదు. ఫోన్లో పసిపిల్ల ఏడుపు, ఎవరో జోకొట్టడం.

"అత్తయ్యగారూ?"

"మీరు చెప్పండి."

"నాకెక్కడ వస్తుందండీ."

"నాకేం తొందర లేదు."

నిజంగానే ఊరుకున్నారు. కాగితం తీసుకున్నాను. ఇరవై గీతలు గియ్యాలి, ఎన్ని గీశానో ఎలా తెలుస్తుంది. రెండు చేతుల వేళ్లకీ ఒక్కో గీత. మళ్లీ రెండు చేతులకీ. పక్కన నాలుగు, బొటనవేలు వదిలేసి. అన్నిట్నీ ఇద్దరికి పంచాను, ఇటొకటి, అటొకటి. మిగల్లేదు. ఒక పక్కవి వేళ్ల మీదికి తెచ్చుకున్నాను. రెండు చేతులూ నిండాయి, ఇంకా కొన్ని ఉన్నాయి.

"పద్నాలుగు" అన్నాను.

"కాదు."

మళ్లీ పెట్టాను. నెమ్మదిగా, ఒక్కో గీత మీదా వేలు ఆనించి. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటెతో.

"పన్నెండు."

అవతల పెన్సిల్ గీసిన చప్పుడు వినబడింది.

"ఎక్స్ దొరికాడు" అన్నారు అత్తయ్యగారు. "ఉండండి, పెట్టెయ్యకండి. వై నేను చెప్తాను, మెట్లు సరిగ్గా వేశానో లేదో మీరు వినండి."